చల్లారేదాకా

తొమ్మిదింటికి శవాన్ని ఇస్తామన్నారు.
నేను ఆరింటికే బానెట్ ఎత్తాను.

వాల్విస్ బేలో పొద్దు ఇలాగే వస్తుంది,
సముద్రం మీంచి తడిగుడ్డలా లేచి
మార్చురీ గోడల్నీ నా హైలక్స్ అద్దాల్నీ
ముంచేస్తుంది పొగమంచు.
ఇక్కడ ఏ ఇంజనూ వేడెక్కదు.
ఉసాకోస్ దాటాక తెలుస్తుంది దాని సంగతి.

ఎనిమిది వందల కిలోమీటర్లు.
వెనక ట్రైలర్, ట్రైలర్లో పెట్టె,
పెట్టెలో ఎరాస్టస్.
ఒండాంగ్వా అవతల వాళ్ల సజ్జ చేను పక్కన
గొయ్యి తవ్వేశారట.
దారిలో బండి ఆగితే
ఐసు ఆగదు.

అతని భార్య లాహ్యా అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చుంది,
చేపల ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే.
"ఇంకా ఎంతసేపు?"
"చల్లారాలి. ట్రైలర్ తగిలించుకుని ఇప్పుడే వచ్చా.
వేడి మీద మూత తీస్తే..."
ముంజేయి చూపించాను.
పంతొమ్మిదేళ్ల నాటి మచ్చ.
ఏదో దేశం మ్యాపులా ఉందంటాడు మార్చురీ పినేహాస్.
నాకు మాత్రం ఒలికిన జావ.

లోపల ఒకణ్ణి చల్లగా ఉంచుతున్నారు,
బయట ఒకటి చల్లారడం కోసం కాచుకున్నాం.
ఇది నేను పైకి అనలేదు.
ఈ పనిలో అనకుండా దాచుకున్న మాటలు
స్పేర్ ఫ్యాన్ బెల్టంత అవసరం.

అరగంటాగి గుడ్డ కప్పి మూత తిప్పాను.
చిన్న నిట్టూర్పు, అంతే.
నీళ్లు మెడదాకా ఉన్నాయి, పచ్చగా, తుప్పు లేకుండా.
పై గొట్టం నొక్కాను. కింది గొట్టం.
రెండూ బతికున్న చేతుల్లా తిరిగి లేచాయి.
రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న మిడతల్ని
పాత టూత్‌బ్రష్‌తో దులిపాను,
పోయిన నెల ఎవరి చావుకో వెళ్లినప్పటివి.
అంతా బాగానే ఉంది. మూత బిగించబోతుంటే

"తియ్యటి వాసన," అంది లాహ్యా.
"నీళ్లలో కలిపే మందుదిలే."
"అది తెలుసు. అక్కడ కాదు. ఇటు."

పదకొండేళ్లు ఆయన చొక్కాలు ఉతికింది.
బస్సు షెడ్డు నుంచి వచ్చిన కాలర్లో
చెమట, డీజిలు,
వాటి అడుగున ఇది.
"ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు.
ఇంట్లో ఒకటి ఉతక్కుండా ఉంచేశా."

టార్చి అందుకుని వంగి
వాటర్ పంపు కింద చూపించింది:
ఒక్క చుక్క,
రాలాలో వద్దో ఇంకా తేల్చుకోనిది.
పైన ఎండిన పచ్చటి చార.
ఇరవై ఏళ్లుగా ఈ దారి తోలుతున్నాను,
కరిబిబ్ ఎక్కుడులో నిలువునా పోయేవాళ్లం.

పినేహాస్ బావమరిది గ్యారేజీ తలుపు బాదాం.
పాత పంపు ఊడదీసి, కొత్తది పెట్టి, గాస్కెట్ ఆరేసరికి
పన్నెండు.
ఉత్తరాన్నుంచి ఫోన్లో నన్ను తిట్టేవాళ్లు తిడుతున్నారు.
లాహ్యా ఫోను లాక్కుని ఒక్కటే మాట అంది,
అవతల గొంతు టక్కున ఆగింది.
ఏమందో అడగలేదు.

ఎక్కుడులో సూది సగం దాటింది.
బయట నలభై ఒకటి. హీటర్ పూర్తిగా తిప్పాను.
"పిచ్చా నీకు?" అంది.
"ఇంజన్ వేడి కొంత మనం తీసుకోవాలి."
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత బూట్లు విప్పి
ఆ గాలికి పాదాలు ఆనించింది.
సూది నెమ్మదిగా దిగింది.

రాత్రి పదకొండుకి ఆగాం. లాంతర్లు, ఆవులు, మనుషులు.
"మూత తీయండి, ముఖం చూస్తాం," అన్నారెవరో ట్రైలర్ దగ్గర.
లాహ్యా అటు వెళ్లలేదు.
వట్టికాళ్లతో బండి ముందుకొచ్చి
బానెట్ మీద అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసినట్టు.

లోపల ఇనుము టిక్కు టిక్కుమంటూ
సర్దుకుంటోంది.

"ఆగండి," అంది వాళ్లతో,
"ఇంకా వేడిగా ఉంది."